వ్యూహక్రీడల పటములలో ఉస్మానీ రాజ్యము

చదరంగపు బల్లమీద 64 గళ్ళు ఉన్నవి. వాటిలో ఏ ఒక్కదానికీ ఊరి పేరు లేదు. హిందూదేశంలో చతురంగమై పుట్టి, ఇరానులో చత్రంగ్ అయి, అరబ్బుల చేతిలో షత్రంజ్ అయిన ఈ ఆట అబ్బాసీ ఖలీఫాల కాలంలో అస్సూలీ వంటి పండితుల గ్రంథాలకెక్కినది. దానిని గురించి ఫుఖహాలు చర్చించినవి పందెము, నమాజు వేళ తప్పిపోవడము, వృథా కాలహరణము మొదలైన ప్రశ్నలు. ఆ బల్ల ఏదో ఒక దేశ చరిత్రకు అన్యాయం చేస్తున్నదని ఎవరూ అనలేదు. అనడానికి అవకాశమూ లేదు. గడిమీద 'సిరియా' అనో 'ట్యూనిస్' అనో పేరు వ్రాసిన నాడు మాత్రమే ఆ ప్రశ్న పుట్టినది.

చారిత్రక పటాలమీద ఆడే వ్యూహక్రీడలు యూరపు, అమెరికాలలో అరవై డెబ్బై ఏండ్లుగా ఒక ప్రత్యేక శాఖగా పెరిగినవి. మన నగరాలలోని యువకులు కూడా వీటికి అలవాటుపడుతున్నారు. కొన్ని విదేశీ విద్యాలయాలలో చరిత్ర, అంతర్జాతీయ సంబంధాలు బోధించేవారు వీటిని పాఠంలో భాగంగా వాడుతున్నారు. పాఠ్యపుస్తకంలోని పటాన్ని విద్యార్థి పరీక్ష అయిన మరునాడు మరచిపోవచ్చును. గంటల తరబడి వంగి కూర్చొని, ఒక్కొక్క గడి కోసం స్నేహితునితో వాదులాడిన పటాన్ని అంత సులభంగా మరువడు. కావున ఈ పటాలను చరిత్ర గ్రంథాలను పరిశీలించినట్లే పరిశీలించడం అవసరమని మా అభిప్రాయము. ఇక్కడ ముఖ్యంగా ఒక పటాన్ని, దానితో పోల్చి చూచుటకు మరి రెంటిని తీసుకొంటున్నాము.

మొదటిది 'డిప్లొమసీ'. హార్వర్డులో చదువుకొన్న అలన్ కాలమర్ అనే అమెరికను దీనిని 1954లో రూపొందించి, ప్రచురణకర్తలు ముందుకు రానందున 1959లో స్వయంగా 500 ప్రతులు వేయించుకొన్నారు. తర్వాత ఆయన చాలాకాలం తపాలా బంట్రోతుగా ఉద్యోగం చేశారు; 2013లో మరణించారు. ఆట ప్రపంచమంతటా వ్యాపించినది. ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ, రష్యా, తుర్కీ అనే ఏడు రాజ్యాలను ఏడుగురు ఆడుతారు. పాచికలు లేవు. ఆటగాళ్ళు రహస్యంగా మంతనాలాడి, తమ ఆజ్ఞలను కాగితంమీద వ్రాసి, అన్నీ ఒకేసారి చదువుతారు. పటంలో 56 భూభాగాలు, 19 సముద్ర భాగాలు ఉన్నవి. భూభాగాలలో 34 చోట్ల సైన్యాన్ని పోషించే సరఫరా కేంద్రాలు ఉన్నవి. 18 కేంద్రాలు పట్టినవాడు గెలుస్తాడు. ఇంత కొద్ది నియమాలతో ఇంత లోతైన ఆటను కల్పించడం అసాధారణ ప్రతిభ. దీనిని కాదనేవారు ఆటను ఆడి ఉండరు.

ఆట 1901 వసంతంలో మొదలవుతుంది. అనగా హిజ్రీ 1318 ముగిసి 1319 ప్రవేశించే కాలము. సింహాసనంమీద సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ ఉన్నాడు. ఆ నాటి ఉస్మానీ రాజ్యం ఐరోపాలో అల్బేనియా, మాసిడోనియా, థ్రేసుల నుండి ఆసియాలో బస్రా, హిజాజ్, యమన్‌ల వరకు, ఆఫ్రికాలో ట్రిపోలీ వరకు వ్యాపించి ఉన్నది. 'డిప్లొమసీ' పటంలో తుర్కీకి ఇచ్చినవి అయిదు గళ్ళు: కాన్‌స్టాంటినోపుల్, అంకారా, స్మిర్నా, ఆర్మీనియా, సిరియా. మొదటి మూడింటికే సరఫరా కేంద్రాలు ఉన్నవి.

ఈ పటం 1901 నాటిది కాదని గ్రహించుటకు పెద్ద పరిశోధన అక్కరలేదు. అల్బేనియా దానిలో వేరు భూభాగంగా ఉన్నది. అల్బేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నది 1912 నవంబరులో. సెర్బియాకు గ్రీసుతో సరిహద్దు ఉన్నది. అది 1913లో మాసిడోనియాను పంచుకొన్న తర్వాతనే సాధ్యమైనది. అన్నింటికంటె స్పష్టమైన సాక్ష్యం బల్గేరియా. ఆటలో బల్గేరియాకు రెండు తీరాలు ఉన్నవి, తూర్పున నల్లసముద్ర తీరము, దక్షిణాన ఏజియన్ తీరము. నౌకాదళాన్ని పంపే ఆటగాడు ఏ తీరమో తప్పక చెప్పవలెను. బల్గేరియాకు ఏజియన్ తీరం దక్కినది 1913లో. అది పోయినది 1919లో. అంటే ఆట నియమాలలోకి ఎక్కి కూర్చున్న ఈ తీరానికి చరిత్రలో ఉన్న ఆయుర్దాయం ఆరేండ్లు. కాలమర్ మొదటి ప్రపంచయుద్ధ కారణాలపై సిడ్నీ ఫే వ్రాసిన గ్రంథం చదివి ప్రభావితులైనవారు. ఆ గ్రంథం నడిచేదంతా 1914 వైపే. కనుక ఆయన కన్ను 1914 పటంమీద నిలిచినది, గడియారం మాత్రం 1901 చూపుతున్నది.

ఈ పదమూడేండ్ల తేడా మిగిలిన ఆరు రాజ్యాలకు దాదాపు ఏమీ కాదు. ఫ్రాన్సు, జర్మనీ, రష్యాల ఐరోపా సరిహద్దులు ఆ మధ్యకాలంలో మారలేదు. మారినవన్నీ ఒక్క ఉస్మానీ రాజ్యానివే. ఆట మొదలుకాకముందే, ఒక్క తూటా పేలకుండానే, సుల్తాను మనాస్తిర్‌ను, కొసోవోను, సలోనికాను పోగొట్టుకొని బల్లముందు కూర్చుంటాడు. సలోనికా సామాన్య పట్టణం కాదు. రాజ్యంలోని ముఖ్యమైన రేవులలో ఒకటి, 1912 నవంబరు వరకు ఉస్మానీల చేతిలో ఉన్నది. పటంలో దాని పేరే లేదు.

మరి పేరు ఉన్నవి ఏవి? అంకారా. 1901లో దానిని యూరపువారు అంగోరా అనేవారు. మేక ఉన్నికి ప్రసిద్ధి చెందిన ఒక విలాయతు కేంద్రం అది. 1892లో రైలుమార్గం చేరినది. దమిష్క్, బగ్దాద్, బీరూత్, సలోనికాలను ప్రక్కకు నెట్టి రాజ్యపు మూడు ఆయువుపట్లలో ఒకటిగా చెప్పదగిన స్థానం దానికి ఆనాడు లేదు. ఆ స్థానం 1923 అక్టోబరులో గణతంత్రానికి రాజధాని అయినప్పుడు వచ్చినది. 1959 నాటి అమెరికనుకు తుర్కీ అనగానే తోచే పేర్లు ఇస్తాంబూల్, అంకారా, ఇజ్మీర్. గణతంత్రపు మూడు నగరాలనే వెనుకకు జరిపి ఖలీఫా చేతిలో పెట్టారు. ఇంకొక వింత ఏమనగా, ఆట ప్రారంభంలో తుర్కీ నౌకాదళం ఉండే చోటు ఈ అంకారాయే. అంగోరా విలాయతుకు సముద్రమే లేదు. నల్లసముద్రపు ఒడ్డు కస్తమోనూ, త్రెబిజాండ్ విలాయతులది. కొండమీది మేకల ఊరిలో యుద్ధనౌకలు లంగరు వేసి ఉండడం చూచి చరిత్ర విద్యార్థి నవ్వుకొనవచ్చును.

ఇదంతా పటంలోని కాలదోషము. దీనికంటె పెద్ద ప్రశ్న పటపు అంచు.

సిరియా గడి పటానికి ఆగ్నేయ మూల. దాని తర్వాత చెక్క అంచే. ఈజిప్టు లేదు, సూయజ్ కాలువ లేదు, ఇరాక్ లేదు, హిజాజ్ లేదు. ఆఫ్రికా ఒడ్డున ట్యూనిస్ ఒక గడి, దానికి పడమట 'ఉత్తర ఆఫ్రికా' ఒక గడి. ఉస్మానీలకు ఆ ఖండంలో నేరుగా మిగిలిన ట్రిపోలీకి చోటు దొరకలేదు. ట్యూనిస్ తటస్థ కేంద్రమట! 1881 నుండి అది ఫ్రాన్సు రక్షణలో ఉన్నది. ఆటలో సాధారణంగా మొదటి సంవత్సరమే ఇటలీ దానిని పట్టుకొంటుంది. ఫ్రాన్సు చేతిలోని దేశాన్ని ఇటలీకి కానుకగా ఇచ్చిన ఘనత రూపకర్తదే.

సిరియాకు సరఫరా కేంద్రం లేనందున అనుభవమున్న ఆటగాడు అక్కడికి సైన్యాన్ని అరుదుగా పంపుతాడు. అది ఖాళీ స్థలము. చరిత్రలో 1901 వసంతంలో ఆ స్థలంలో ఏమి జరుగుతున్నదో చూడండి. అంతకు ముందు సంవత్సరమే హిజాజ్ రైలుమార్గం ప్రారంభమైనది. దమిష్క్ నుండి మదీనా వరకు హాజీల కోసం వేయదలచిన ఈ మార్గానికి ముస్లిం లోకమంతా చందాలు పంపినది. హిందూదేశపు ముస్లిములు కూడా పంపినారు. 1908లో రైలు మదీనా చేరినది. అబ్దుల్ హమీద్ తన పాలనలో చేపట్టిన అతి పెద్ద నిర్మాణం, ఆయన రాజనీతికి గుండెకాయ వంటిది, 'డిప్లొమసీ' పటంలో ఎవరూ అడుగుపెట్టని గడిలో పడిపోయినది. ఇది అబద్ధం వ్రాయడం కాదు. ఏది ముఖ్యమో తీర్పు చెప్పడము.

ఆ తీర్పు ఫలితం ఆటలో వెంటనే కనబడుతుంది. తుర్కీ మూలరాజ్యము. వెనుక గోడ ఉన్నది. తూర్పున, దక్షిణాన శత్రువు రాడు. అందుచేత తుర్కీని ఆడేవాడు నెమ్మదిగా పెరిగినా సులభంగా చావడని ఆటగాళ్ళలో ప్రసిద్ధి. చరిత్రలో ఉస్మానీ రాజ్యానికి వెనుక గోడ ఎన్నడూ లేదు. యమన్‌లో ఇమామ్ యహ్యా 1904లో తిరుగుబాటు లేవదీశాడు. 1911లో సంధి కుదిరేవరకు అది తుర్కీ సైనికులను మ్రింగుతూనే ఉన్నది. 1914 నవంబరులో హిందూదేశం నుండి వచ్చిన సైన్యం బస్రా పట్టుకొన్నది. 1915 ఫిబ్రవరిలో ఉస్మానీ సేన సూయజ్ మీదికి పోయి వెనుదిరిగినది. 1916 ఏప్రిల్‌లో కూత్ వద్ద బ్రిటిష్ హిందూ సేన ఉస్మానీలకు లొంగిపోయినది. అదే సంవత్సరం జూన్‌లో మక్కా షరీఫ్ తిరుగుబాటు. 1917 మార్చిలో బగ్దాద్, డిసెంబరులో జెరూసలేం, 1918 అక్టోబరులో దమిష్క్ పోయినవి. రాజ్యం కూలినది ఏ దిక్కుననో ఆ దిక్కే పటంలో లేదు.

హైదరాబాదు పాఠకులకు ఈ లేని దిక్కుతో ఒక బంధుత్వం కూడా ఉన్నది. 1914లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ పక్షాన నిలిచి తన రిసాలాను పంపినారు. హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ రిసాలాలు కలిసిన బ్రిగేడు సూయజ్ వద్ద, పాలస్తీనాలో ఖలీఫా సైన్యాలకు ఎదురుగా పోరాడినది. ఢిల్లీలోని తీన్ మూర్తి కూడలిలో 1922లో నిలిపిన మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల రౌతులవే. యుద్ధం ముగిసిన మరుసటి ఏటనే హిందూదేశమంతటా ఖిలాఫత్ ఉద్యమం లేచినది. ఖలీఫాకు ఎదురుగా కత్తి దూసిన దేశమే ఖలీఫా కోసం కన్నీరు కార్చిన ఈ వైరుధ్యాన్ని అర్థం చేసుకోగోరువాడు చూడవలసిన నేల సరిగ్గా ఆ చెక్క అంచుకు అవతల ఉన్నది.

రూపకర్త పక్షాన చెప్పదగిన మాట లేకపోలేదు, అది బలమైనదే. ఏడుగురికీ గెలిచే అవకాశం ఇంచుమించు ఉండవలెను. ఒక గడి కలిపితే మరొక మూల తూకం తప్పుతుంది. ఈజిప్టును కలిపితే ఇంగ్లండుకు మధ్యధరాలో రెండవ కాలు, తుర్కీకి రెండవ గాయం ఏర్పడును. పటం పెద్దదైతే ఆట సాగిపోతుంది. ఇప్పటికే అది ఒక పూట ఆట కాదు. కోత తప్పదు. 1:1 కొలతతో పటం గీసేవాడు పటం గీయడం లేదు. అయినను, తర్వాతి కాలంలో ఉత్సాహవంతులు తయారుచేసుకొన్న మార్పు పటాలలో ఈజిప్టును, సూయజ్‌ను చేర్చినవి ఉన్నవి, అవి ఆడదగినవిగానే ఉన్నవి. కనుక కోతలన్నీ తూకం కోసమే అనడం పూర్తిగా నిలువదు. కొన్ని కోతలు రూపకర్త చూపు ఎంతవరకు పోయినదో చెబుతున్నవి.

ఇక రంగు. మా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

'డిప్లొమసీ'లో, అటువంటి అనేక ఆటలలో, ఒక గడి ఒకరిది లేదా ఎవరిదీ కాదు. మధ్యస్థితి లేదు. 1901 ఉస్మానీ రాజ్యంలో మధ్యస్థితులే ఎక్కువ. బల్గేరియాను 1878 బెర్లిన్ సంధి సుల్తాను సామంత రాజ్యంగా చేసినది. అది 1908 వరకు అట్లే ఉన్నది. బోస్నియాలో 1878 నుండి ఆస్ట్రియా సైన్యం, ఆస్ట్రియా పాలన. సార్వభౌమాధికారం మాత్రం సుల్తానుదే. సైప్రస్‌లో బ్రిటిష్ పాలన, సుల్తాను సార్వభౌమత్వము. ఈజిప్టులో 1882 నుండి బ్రిటిష్ సైన్యం, ఖదీవు ప్రభుత్వం, పైన సుల్తాను. ఏటా చెల్లించే కప్పం యూరపు రుణదాతలకు హామీగా కుదువబెట్టబడి ఉన్నది. ఆటలో తుర్కీ తొలి ఎత్తు దాదాపు ఎల్లప్పుడూ కాన్‌స్టాంటినోపుల్ నుండి బల్గేరియా మీదికే. అనగా తన సామంతుని దేశాన్నే తటస్థ దేశంగా భావించి జయిస్తున్నాడన్న మాట.

ఇదంతా ఉత్త పేరే కదా, సైన్యం ఎవరిదో దేశం వారిదే కదా అని కొందరనవచ్చును. పేరు ఉత్తదైతే దానికి ధర ఉండరాదు. 1908 అక్టోబరులో ఆస్ట్రియా బోస్నియాను తనలో కలుపుకొన్నప్పుడు ఇస్తాంబూల్‌లో, సలోనికాలో ప్రజలు ఆస్ట్రియా సరుకులను బహిష్కరించారు. రేవు కూలీలు ఆస్ట్రియా ఓడల సరుకు దింపలేదు. 1909 ఫిబ్రవరిలో ఆస్ట్రియా 25 లక్షల తుర్కీ లీరాలు చెల్లించి రాజీపడినది. ముప్పై ఏండ్లుగా తన సైన్యమే ఉన్న దేశానికి, మిగిలి ఉన్న పేరు కొనుటకు ఇంత సొమ్ము! ఆ ఒప్పందంలో బోస్నియా మస్జిదుల ఖుత్బాలో ఖలీఫా పేరు చదివే హక్కు కూడా నిలుపబడినది. 1912లో ట్రిపోలీని ఇటలీకి వదలిన ఊషీ సంధిలోనూ అదే షరతు ఉన్నది. దేశం ఇటలీది, ఖుత్బా ఖలీఫాది. 1774లో క్రిమియా తాతారుల విషయంలో రష్యాతో చేసుకొన్న సంధి నుండి ఈ సంప్రదాయం నడుస్తూ వచ్చినది.

పూర్వకాలపు ముస్లిం రాజనీతిలో రాజ్యాధికారానికి రెండు గుర్తులు: ఖుత్బా, సిక్కా. మింబరుమీద ఎవరి పేరు, నాణెంమీద ఎవరి పేరు. సరిహద్దు గీత వాటి తర్వాతి మాట. మన దక్కనులోనే ఆసఫ్‌జాహీలు స్వతంత్రంగా పాలిస్తూ 1857 తిరుగుబాటు ముగిసేవరకు నాణెములపై ఢిల్లీ పాదుషా పేరే వేయించినారు. 1800 నాటి హైదరాబాదును ఏ రంగు వేసి చూపుతారు? మొగల్ రంగా, నిజాం రంగా, 1798 నుండి సైన్యం నిలిపిన కంపెనీ రంగా? ఏ ఒక్క రంగు వేసినా రెండింతలు అబద్ధమే.

కావున ఇటువంటి దేశకాలాలకు ఆటపటం గీయదలచినవారు ప్రతి గడికి రెండు గుర్తులు పెట్టవలెనని మా సూచన. గడి రంగు సైన్యం ఎవరిదో చెప్పును. గడిలో చిన్న ఉంగరం ఎవరి పేరు చెల్లుతున్నదో చెప్పును. 1901 పటంలో ఈజిప్టు గడికి బ్రిటిష్ రంగు, ఉస్మానీ ఉంగరము. బోస్నియాకు ఆస్ట్రియా రంగు, ఉస్మానీ ఉంగరము. ఉంగరం ఉన్నవాడు దానిని అమ్ముకొనవచ్చును, సంధిలో మార్చుకొనవచ్చును. రంగు గల రాజ్యంతో యుద్ధానికి దిగితే పోగొట్టుకొంటాడు. చరిత్రలో జరిగినది అక్షరాలా ఇదే: 1914 నవంబరులో యుద్ధం రాగానే బ్రిటను సైప్రస్‌ను తనలో కలుపుకొన్నది, డిసెంబరులో ఈజిప్టును తన రక్షిత రాజ్యంగా ప్రకటించినది. మంతనాలే ప్రాణమైన ఆటకు ఇంతకంటె తగిన సరుకు ఏమున్నది? ఇప్పుడు ఆటగాళ్ళు బేరమాడుటకు గళ్ళు, వాగ్దానాలు తప్ప మరేమీ లేవు. ఉంగరాలు ఉంటే తుర్కీ ఆటగాని చేతిలో బలహీనుని ఆయుధాలు ఉండేవి. అబ్దుల్ హమీద్ 33 ఏండ్లు నెగ్గుకొని వచ్చినది అటువంటి ఆయుధాలతోనే.

గడులు, రంగులు లేని పటం ఎట్లుండునో చూడగోరువారు హిజ్రీ నాల్గవ శతాబ్దికి పోవలెను. అబూ జైద్ బల్ఖీ పేర వ్యవహరింపబడే సంప్రదాయంలో ఇస్తఖ్రీ, ఇబ్న్ హౌఖల్ గీసిన పటాలలో ఒక ప్రపంచ పటము, మూడు సముద్రాల పటాలు, పదిహేడు దేశాల పటాలు ఉన్నవి. సముద్రాలు గుండ్రన, నదులు నిలువు గీతలు, ఊళ్ళు చిన్న బొమ్మలు, వాటిని కలుపుతూ తిన్నని బాటలు. దూరం మజిలీల లెక్క. దేశానికీ దేశానికీ మధ్య గీత ఉన్నా దానిమీద శ్రద్ధ లేదు. శ్రద్ధంతా ఈ ఊరి నుండి ఆ ఊరికి ఎట్లు పోవలెననే. నేటి క్రీడారూపకర్తలు బిందువుల నుండి బిందువులకు గీతలు గీసి చేసే పటాలకు ఇవి దగ్గరి చుట్టాలు. ఇది చూచి మన పూర్వులు అన్నీ ముందే కనిపెట్టారని మురిసిపోవడం తగదు. వారికీ అంచు ఉన్నది. ఇస్తఖ్రీ ఇస్లాం దేశాలకే పరిమితమైనాడు. హిందూదేశంలో ఆయన పటానికెక్కినది ముల్తాన్, మన్సూరాలు గల సింధు మాత్రమే. మన దక్కను ఆయన చెక్క అంచుకు అవతలనే ఉన్నది.

ఆ బిందువుల పద్ధతిలో చేసిన ఆటలలో ఎడ్ బీచ్ రూపొందించగా 2006లో వెలువడిన 'హియర్ ఐ స్టాండ్' ప్రసిద్ధమైనది. 1517 నుండి 1555 వరకు ఐరోపాలో జరిగిన మత సంస్కరణ కలహాలు దీని వస్తువు. ఆరు పక్షాలలో ఉస్మానీలు ఒకరు. ఇక్కడ కూడా పటం ఇస్తాంబూల్ దగ్గరే ఆగిపోతుంది. కాని రూపకర్త అంచుకు అవతల ఏమీ లేదని నటించలేదు. ఇరాను యుద్ధం, ఈజిప్టు తిరుగుబాటు అనే కార్డులు ఉన్నవి. అవి పడినప్పుడు సుల్తాను తన సైన్యంలో కొంత భాగాన్ని ఐరోపా నుండి తీసి ఆ కార్డుమీద పెట్టి యుద్ధం చేయవలెను. హంగరీలో సుల్తాను చేయి ఎందుకు అకస్మాత్తుగా సడలినదో వియన్నా ఆటగానికి అర్థమవుతుంది. ఒక చిన్న కార్డుముక్క చేసిన ఈ మేలు 'డిప్లొమసీ'లో లేదు. లోపం ఏమనగా, ఇరాను ఇక్కడ విధివశాత్తు పడే గండమైపోయినది. సులైమాను 1534లో బగ్దాద్ పట్టినది, 1548లో, 1553లో మళ్ళీ తూర్పునకు కదిలినది ఎవరో కార్డు తీసినందువల్ల కాదు. అది ఆయన ఎంపిక. తూర్పునకా, పడమరకా అనే ఎంపికే ఉస్మానీ రాజనీతి సారము. ఆట 1555లో ముగుస్తుంది, ఆగ్స్‌బర్గ్ సంధి ఆ ఏటనే జరిగినది కనుక. అదే సంవత్సరం మే నెలలో సులైమానుకు, షా తహ్మాస్ప్‌కు అమాస్యా వద్ద సంధి జరిగినది. ఒకే ఏట రెండు సంధులు, పటానికి తెలిసినది ఒక్కటే.

మూడవదానిలో దృష్టి తలక్రిందులైనది. కోల్ వెర్లీ చేసిన 'పాక్స్ పామీర్' 2015లో వచ్చినది, 2019లో రెండవ ముద్రణ పొందినది. దుర్రానీ సామ్రాజ్యం చెదిరిపోయిన తర్వాతి అఫ్గానిస్తాన్ దాని రంగస్థలము. ఇక్కడ ఆటగాళ్ళు బ్రిటిష్‌వారూ కారు, రష్యావారూ కారు, అఫ్గాను సర్దారులు. బల్లమీద తిరిగే సైన్యాలు బ్రిటిష్, రష్యా, అఫ్గాను కూటములవి. సర్దారులు వాటిలో దేనితోనైనా పొత్తు కలుపవచ్చును, విడువవచ్చును. పటంలో ఆరు ప్రాంతాలు: కాబూల్, కందహార్, హెరాత్, పంజాబ్, ఇరాన్, ట్రాన్స్‌కాస్పియా. బాటలు గళ్ళలో కాక సరిహద్దులమీద వేయబడును, అనగా సరిహద్దు ఇక్కడ గోడ కాదు, దారి. అఫ్గానిస్తాన్‌ను ఒకే రంగుగా చూపకపోవడం చరిత్రకు సరిపోయినది. 1826 తర్వాత కాబూల్ దోస్త్ ముహమ్మద్ చేతిలో, కందహార్ ఆయన సవతి సోదరుల చేతిలో, హెరాత్ సదోజాయీల చేతిలో ఉన్నవి. 1893లో గీసిన డ్యూరాండ్ రేఖ జాడ పటంలో లేదు, ఉండరాదు కూడా. సైన్యం ఒకరిది, పలుకుబడి మరొకరిది అన్న రెండు గుర్తుల పద్ధతికి, మనం పైన కోరినదానికి, ఇది చాలా దగ్గరగా వచ్చినది. ముస్లిం దేశం ఒకటి తన లోపలి నుండి తాను కనబడే ఆటపటం మా ఎరుకలో ఇంతకంటె మంచిది లేదు.

అటువంటి పటంలోనే ఉత్తరపు గడికి ట్రాన్స్‌కాస్పియా అని పేరు పెట్టడం ఆశ్చర్యము. కాస్పియన్‌కు అవతల అని దాని అర్థము. ఎవరికి అవతల? రష్యావారికి. కాబూల్ సర్దారుకు అది అవతల కాదు, ఇవతలి ఇరుగు. 1881 జనవరిలో గోక్ తెపె కోట పట్టిన పిమ్మట జారు ప్రభుత్వం అక్కడ ఏర్పరచిన పరగణా పేరు అది. దోస్త్ ముహమ్మద్ 1863లోనే మరణించినాడు. పైగా బుఖారా, ఖీవా రాజ్యాలు ఆ పరగణాలో ఎన్నడూ చేరలేదు. అఫ్గాను సర్దారులకు ఉత్తరాన కనబడినది బుఖారా అమీరు, ఖీవా ఖాను, వారిద్దరి నడుమ తుర్కమాను తెగలు. గడికి బుఖారా అని పేరు పెట్టి ఉంటే నియమం ఒక్కటి కూడా మారనక్కరలేదు, తూకం తప్పదు, అచ్చు ఖర్చు పెరగదు. రెండవ ముద్రణలో పటాన్ని అట్ట బదులు అందమైన బట్టమీద అచ్చొత్తించారు; పేరు మాత్రం అట్లే ఉన్నది.